నలభై అడుగుల కోర్టు

"రేపు గీతలు కొంచెం నీటుగా వెయ్యి, మూసాపేట క్లబ్బు వాళ్ళు ఆడటానికొస్తున్నారు," అన్నాడు రవికిరణ్, అన్నంలో పెరుగు కలుపుకుంటూ. కొంచెం నీటుగా అట. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం ఆ గీతలు వేస్తున్నది నేను. ఒక్క ఆదివారమైనా గీత వంకర పోయిందేమో చూపించమనండి. పదహారు మందికి ఇడ్లీలంటే పప్పు ఇంకో రెండు గ్లాసులు నానబోసి ఉండాల్సింది కదా అని లెక్క వేసుకుంటూ కూచున్నాను. ఇడ్లీలు, చట్నీ, రెండు ఫ్లాస్కుల టీ, ఇస్త్రీ చేసిన ఆరు టీషర్టులు, ఆపైన గీతలు. ఆదివారం సెలవని అంటారు గాని ఎవరికో నాకు తెలీదు.

మా ఆయన మా కాలనీ క్లబ్బుకి సెక్రటరీ. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు కొంచెం మారుతుంది. హైటెక్ సిటీలో కొత్తగా లేచిన గుండ్రటి బిల్డింగులో ఉద్యోగం అని చెప్పేటప్పుడు కూడా అంత మారదు. క్లబ్బంటే మరేం లేదు. ప్రగతి నగర్‌లో ఇళ్ళకన్నా ఖాళీ ప్లాట్లే ఎక్కువ కాబట్టి, పార్కుకని వదిలిన జాగాలో ఒక మొరం నేల షటిల్ కోర్టు, ఒక రేకుల షెడ్డు, అందులో ఒక క్యారమ్ బోర్డు. సభ్యులు ముప్పైరెండు మంది. ముప్పైరెండు మందీ మగవాళ్ళే. మేం సభ్యులం కాము, ఫ్యామిలీలం. రిజిస్టర్లో సభ్యుడి పేరు పక్కన బ్రాకెట్లో 'ఫ్యామిలీ' అని రాసి ఉంటుంది. ఆ బ్రాకెట్లోనే నేనూ మా అత్తగారూ మా పాప రసజ్ఞా ఉన్నాం.

గీతల పని నా మెడకి ఎలా చుట్టుకుందంటే, క్లబ్బు పెట్టిన కొత్తలో ఒక ఆదివారం నేను టీ ఫ్లాస్కు పట్టుకెళ్ళేసరికి ఏడెనిమిది మంది టేపు పట్టుకుని తగువులాడుతున్నారు. అందరూ ఇంజనీర్లే. కోర్టు మూలలు కుదరడం లేదు. ఒక మూల ఇటు జరిపితే ఇంకో మూల వెళ్ళి షెడ్డులో పడుతోంది. కాసేపు చూశాను. తర్వాత ఫ్లాస్కు కింద పెట్టి, తాడుకి మూడడుగులకొక ముడి, నాలుగడుగులకొక ముడి, అయిదడుగులకొక ముడి వేసి, మూడు మేకులకి లాగి కట్టాను. మూల దానంతటదే కుదిరింది. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రెసిడెంటు వెంకటనారాయణ గారు, ఆయన రిటైరైన తహసీల్దారు, "ముగ్గులేసే చెయ్యి కదమ్మా, ఊరికే పోతదా," అన్నారు. ఆ రోజు నుంచి ఆ పని నాదే. వానకి, చల్లే నీళ్ళకి, బూట్ల కింద పడి వారం తిరిగేసరికి గీతలు చెరిగిపోతాయి. మళ్ళీ ఆదివారం నేను బక్కెట్లో సున్నప్పొడి పట్టుకుని వెళ్ళాలి.

అది ఎక్కడ నేర్చుకున్నావని ఎవరూ అడగలేదు, ముగ్గులేసి నేర్చుకున్న విద్య కాదని నేనూ చెప్పలేదు. గుడివాడలో నేను చదివిన ఆడపిల్లల కాలేజీలో జయమ్మ గారని గేమ్స్ మేడం ఉండేది. మాతో టెన్నికాయిట్ ఆడించేది. మేమంతా రింగాట అనేవాళ్ళం. ఇంతలావు రబ్బరు రింగు, మధ్యలో వల. అవతలివాళ్ళు విసిరిన రింగు నేల తాకకుండా ఒంటిచేత్తో పట్టాలి, పట్టిన చేత్తోనే వెంటనే తిరిగి విసరాలి. పట్టుకుని నిలబడితే తప్పు. యూనివర్సిటీ టీములో రెండేళ్ళు ఆడాను. జయమ్మ గారు మొదటి నెలంతా మా చేతికి రింగే ఇవ్వలేదు. తాడు, మేకులు, సున్నం ఇచ్చింది. నలభై అడుగుల పొడుగు, పద్దెనిమిది అడుగుల వెడల్పు, వలకి అటూ ఇటూ మూడేసి అడుగుల దగ్గర చెరో గీత. "మీ కోర్టు మీరు వేసుకోండే. ఎవరో వచ్చి వేసి పెడతారని కూచుంటే ముసలాళ్ళయిపోతారు," అనేది. ఆవిడ మాటే నిజమైంది. కోర్టు వేసుకోవడం మాత్రం మిగిలింది నాకు, అదీ వేరేవాళ్ళ కోర్టు.

ముగ్గు చెయ్యి మహిమ క్లబ్బుతో ఆగిందా అంటే అదీ లేదు. మొన్న మా ఆఫీసులో కంప్యూటర్ల గది ప్రారంభించారు. మా సెక్షన్లో ఆరు వారాల ట్రైనింగ్ అయినదాన్ని నేనొక్కదాన్నే. పెద్ద ఆఫీసరు వస్తున్నాడని సూపర్నెంటు రామచంద్రం గారు నన్ను పిలిచి, "ప్రవీణా, గుమ్మంలో మంచి ముగ్గు వెయ్యమ్మా, హారతి పళ్ళెం కూడా నువ్వే పట్టుకో," అన్నారు. మీట నొక్కి చూపించింది నిన్నగాక మొన్న చేరిన కుర్ర గుమాస్తా. నేను హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి, అతను ఏ మీట తప్పు నొక్కుతాడో చూస్తూ ఉన్నాను. రెండు తప్పులు నొక్కాడు. ఎవరికీ తెలీలేదు.

నాలుగు నెలల కిందట రసజ్ఞకి ఆడుకోమని ఒక రింగు కొన్నాను. దానికి నచ్చలేదు. రింగు నా చేతిసంచిలోనే ఉండిపోయింది. ఒక ఆదివారం గీతలు వేయడం త్వరగా అయిపోయింది. ఇంకా మగవాళ్ళెవరూ రాలేదు. ఊరికే రింగు తీసి పైకి ఎగరేసి పట్టుకున్నాను. కోర్టు ఊడ్చి నీళ్ళు చల్లే బుచ్చమ్మ చీపురు పక్కన పెట్టి చూస్తోంది. ఆమెది పక్కనే నిజాంపేట. నాకన్నా పదేళ్ళు పెద్దదయి ఉంటుంది.

"గదేందమ్మా? జర ఇటు ఇయ్యి, నేను గూడ చూస్త," అంది.

విసిరాను. ఎడమచేత్తో కొంగు సర్దుకుంటూనే కుడిచేత్తో గాల్లోనే అందుకుని నా మీదికే విసిరింది. ఎంత జోరుగా వచ్చిందంటే నా అరచెయ్యి చుర్రుమంది. "చిన్నప్పుడు జొన్నచేన్ల వడిసెల తిప్పి పిట్టల గొట్టిన చెయ్యమ్మా ఇది," అంది బుచ్చమ్మ, చెయ్యి చూసుకుంటూ. ఆ రోజు పావుగంట ఆడాం. ఇంటికొచ్చి ఇడ్లీ పాత్ర దించుతుంటే భుజం నొప్పి పుట్టింది. బిందెలు మోస్తే వచ్చే నొప్పి, ఆఫీసులో టైపు కొడితే వచ్చే నొప్పి నాకు తెలుసు. ఇది అవేవీ కాదు. నా కోసం నేను తెచ్చుకున్న నొప్పి అది. రోజంతా ఆ భుజాన్ని పనిగట్టుకుని కదిలించి చూసుకున్నాను. ఎంత హాయిగా ఉందో ఎవరికని చెప్పను.

తర్వాత ప్రతి ఆదివారం ఆ పావుగంట మా ఇద్దరిదీ అయిపోయింది. పాలపాకెట్టు కోసం అటు వచ్చిన కృష్ణప్రియ, పక్క లైన్లో ఉంటుంది, గేటు దగ్గర ఆగి చూసింది. మరుసటి వారం ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకొచ్చింది. మాకూ ఒక గంట ఇస్తే బావుంటుందన్నారు. ఆదివారం పొద్దున ఒక్క గంట. మేం అడిగింది అంతే. నేను వెంకటనారాయణ గారిని అడిగాను. "మంచిదేనమ్మా. కాయితం రాసియ్యి, కమిటీల పెడ్త. సభ్యుని సంతకం ఉండాలె మరి," అన్నారు. అంటే కోర్టు వేసినదాన్ని ఆ కోర్టులో అడుగు పెడతానంటే మా ఆయన సంతకం చెయ్యాలి. సరేనని తెల్లకాగితం మీద రాశాను. అయిదుగురం పేర్లు రాసుకున్నాం. బుచ్చమ్మ పేరు కూడా రాశాను. కృష్ణప్రియ ఆ పేరు చదివి ఒకసారి నావైపు చూసింది.

రవికిరణ్ కాగితం చదివి నవ్వాడు. చెడ్డగా ఏం కాదు, రసజ్ఞ బొమ్మ గీసి తెస్తే నవ్వినట్టు. "ఆఫీసూ ఇల్లూ చూసుకునేసరికే నీ ప్రాణం పోతోందంటావు కదా, ఆడటానికి టైమెక్కడిది నీకు?" అన్నాడు. అంటూనే మడిచి నిక్కరు జేబులో పెట్టుకున్నాడు. మా అత్తగారు అమ్మణ్ణి గారికి తెలిసి, మగవాళ్ళు ఆడుకునే చోట నీకేం పనే అమ్మాయ్ అన్నారు. ప్రతి ఆదివారం ఆ చోటికే వెళ్ళి గీతలు వేసి, ఆ మగవాళ్ళకే ఇడ్లీలు వడ్డిస్తుంటే ఆవిడకి అభ్యంతరం లేదు. పైగా చట్నీలో అల్లం వెయ్యమని గుర్తు చేస్తారు. జవాబు చెప్పడానికి కూడా ఓపిక కావాలి. అది నాకు సాయంత్రం ఆఫీసు బస్సులో నిలబడేసరికే అయిపోతుంది.

శుక్రవారం కమిటీ మీటింగు. శనివారం పొద్దున్నే బట్టలు ఉతుకుతున్నాను. ఆయన నిక్కరు జాడిస్తుంటే జేబులోంచి తెల్లటి ముద్ద ఊడిపడింది. నానిపోయిన కాగితం. విప్పి చూస్తే ఒకచోట నీలంగా అలుక్కుపోయిన సిరా, ఇంకోచోట 'బుచ్చ' అన్న రెండక్షరాలు. నా అర్జీని నేనే సబ్బు పెట్టి ఉతికానన్నమాట. ఏడుపు రాలేదు. ఉతికిన చెయ్యి ఉతుకుతూనే ఉంది. మిగతావన్నీ ఆరేసి లోపలికెళ్ళి అడిగితే, "అరె, మర్చిపోయాను. అయినా నోటితో చెప్పాన్లే. యాన్యువల్ డేకి లేడీస్‌కి ముగ్గుల పోటీ పెడదామన్నారు. జడ్జివి నువ్వే," అన్నాడు. చాలా మంచి వార్త చెప్పినట్టే చెప్పాడు. నాకు కోపం కూడా రాలేదు, దానికే నాకు భయం వేసింది. ఇంకో రెండేళ్ళు ఇలాగే పోతే నేను నిజంగానే ఆ జడ్జి కుర్చీలో కూచుని, ఏ ముగ్గు బావుందో చూసి మార్కులు వేస్తాను. ఆ రాత్రి భోజనాల దగ్గరే ఆ నీటుగా వెయ్యమన్న మాట.

ఆదివారం నాలుగింటికి లేచాను. ఇడ్లీలు రెండు వాయలు దించి, చట్నీ తాలింపు పెట్టి, అయిదున్నరకి బక్కెట్టు పట్టుకుని వెళ్ళాను. బుచ్చమ్మ అప్పటికే ఊడ్చి నీళ్ళు చల్లి ఉంది. వీధి దీపం వెలుగు కోర్టు దాకా పడుతుంది. నిద్ర చాలక కళ్ళు మండుతున్నాయి. మేకులు దిగేశాను, తాడు లాగాను, మూలలు చూసుకున్నాను. చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. నా బుర్రలో మూడో వాయ ఇడ్లీలు ఉన్నాయి, అత్తగారు స్టవ్వు కట్టేశారో లేదోనన్న బెంగ ఉంది. పక్క గీతలు, వెనక గీతలు పోసి, వలకి ఇటువైపు గీత పోసి, అటువైపు గీత కూడా పోసి నడుం నిలబెట్టాను. అప్పుడు చూశాను.

వలకి మూడడుగుల దగ్గర గీత ఉంది. షటిల్ కోర్టులో అక్కడ గీత ఉండదు, ఆరున్నర అడుగుల దగ్గర ఉంటుంది. టేపు తీసి పొడుగు కొలిచాను. నలభై నాలుగు ఉండాలి, నలభై ఉంది. వెడల్పు ఇరవై ఉండాలి, పద్దెనిమిది ఉంది. రెండేళ్ళలో ఒక్కసారి తప్పని చెయ్యి, మూసాపేట వాళ్ళొచ్చే రోజే తప్పింది. ముందుగా వచ్చిన ఆలోచన ఏమిటంటే, టైముంది, చెరిపి మళ్ళీ వెయ్యొచ్చు. బుచ్చమ్మ కూడా నా మొహం చూసి నీళ్ళ బక్కెట్టు ఎత్తింది.

"గీతలు తప్పినయా అమ్మా? నీళ్ళు గొట్టమంటవా?"

ఆ గీతల్నే చూస్తున్నాను. తెల్లగా, ఎక్కడా వంకర లేకుండా, నాలుగు మూలలూ కుదిరి ఉంది. గుడివాడలో ఉన్న కోర్టే. పన్నెండేళ్ళ కిందటి కోర్టు. నేను మర్చిపోయాననుకున్నాను గాని నా చెయ్యి మర్చిపోలేదు. నేను నిద్రమత్తులో ఉన్నప్పుడు అది నా కోసం పనిచేసి పెట్టింది. దీన్ని చెరపాలంటే మళ్ళీ నా చేత్తోనే చెరపాలి. నిన్న ఉతికినట్టే.

"వద్దు బుచ్చమ్మా. బక్కెట్టు కింద పెట్టు," అన్నాను. "నిన్ను ఎవరన్నా ఏమన్నా అంటే నా పేరు చెప్పు."

"నన్నేమంటరు? ఊడ్వనీకి ఇంకెవరొస్తరు?" అంది బుచ్చమ్మ. బక్కెట్టు దూరంగా తీసుకెళ్ళి షెడ్డు గోడకి పెట్టి వచ్చింది.

వల కట్టే పోల్స్ పాత నీళ్ళ పైపులు పాతినవి, కావలసినదానికన్నా పొడుగే. రింగాటకి కావలసిన ఎత్తుకి వల ఒక అడుగు పైకి జరిపి కట్టాను. రింగు తీశాను. కాసేపటికి కృష్ణప్రియ కూడా వచ్చింది. పాలపాకెట్లు గేటు మీద పెట్టి, చెప్పులు విప్పి బుచ్చమ్మ వైపు నిలబడింది. తెల్లవారింది. నా చీర కుచ్చిళ్ళు ఎగదోపుకున్నాను. మొదటి రెండూ వదిలేశాను, మూడోది పట్టాను. ఆయాసం వస్తోంది. అరచెయ్యి మండుతోంది. ఇన్నాళ్ళ అలసటంతా ఒంట్లోనే ఉంది, ఎక్కడికీ పోలేదు. కానీ దాని మీదుగా చెయ్యి లేస్తోంది.

ఆరున్నర దాటాక స్కూటర్లు వచ్చాయి. వెంకటనారాయణ గారు, వెనక మూసాపేట వాళ్ళు నలుగురు తెల్లటి బూట్లతో, వాళ్ళకి దారి చూపిస్తూ రవికిరణ్. నేను ఇస్త్రీ చేసిన టీషర్టు వేసుకున్నాడు. గేటు దగ్గరే ఆగిపోయాడు. గీతల వైపు, వల వైపు, నా కాళ్ళ వైపు చూశాడు. అతిథుల ముందు గొంతు పెంచలేక గబగబా నా దగ్గరికి వచ్చి మెల్లిగా అన్నాడు.

"ప్రవీణా, ఏమిటిది? గీతలన్నీ తప్పుగా వేశావు."

"తప్పు కాదండీ. ఇది రింగాట కోర్టు," అన్నాను. "మీది నలభై నాలుగు అడుగులు, ఇరవై అడుగులు. టేపు షెడ్డులో ఉంది, సున్నం బక్కెట్లో ఉంది. ఏడున్నరకి మా ఆట అయిపోతుంది, అప్పుడు వేసుకోండి."

ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. గీత లోపల ఉన్నారు, కొంచెం బయటికి జరగండి అని చెప్పి, వెనక గీత దగ్గరికి వెళ్ళాను. సర్వీసు బుచ్చమ్మది.