కొత్తవాళ్ళ పెట్టె

తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటే సగం బరువు దిగుతుందంటారు. నాకు దిగలేదు.

మా స్త్రీల కూడిక నెలకోసారి, రెండో శనివారం మధ్యాహ్నం, టైర్ల దుకాణం పైన గదిలో జరుగుతుంది. కుర్చీలు నలభై. పాతవాళ్ళం పద్దెనిమిదిమందిమి మిగిలాం. పాస్టరమ్మగారికి అదే బెంగ. "కుర్చీలకి వాక్యం చెప్తున్నట్టుందమ్మా, కొత్తవాళ్ళని తీసుకురండి" అనేవారు ప్రతిసారీ.

దాంతో కొత్తవాళ్ళకు ఎక్కడలేని మర్యాదలు మొదలయ్యాయి. గుమ్మం దగ్గర భుజానికి కాగితపు పువ్వు గుచ్చాలి, మొదటి వరుసలో కూర్చోబెట్టాలి, అందరం లేచి పాట పాడాలి. ఆపైన పేరు, ఫోన్ నంబరు, ప్రార్థన అవసరం రాయమని చీటీ ఇవ్వాలి. చీటీలు ఒక రేకుపెట్టెలో పడేవి. కూడిక చివర ఆ పెట్టె మీద అందరం చేతులుంచి ప్రార్థన చేసేవాళ్ళం. మూత మాత్రం ఎవరమూ తీయలేదు. దేవుడికి మూత అడ్డమా ఏమిటి అనుకున్నాం.

గుమ్మం బాధ్యత నాది. వారమంతా నా కొట్లో జిప్పులు మార్చి, అంచులు మడిచి కుట్టేదాన్ని కదా, గుండుసూది గుచ్చుకోకుండా పెట్టడం నాకే వచ్చని అప్పగించారు. అందరికీ పూలక్కనైపోయాను. నోరు మంచిదైతే ఊరు మంచిదని నమ్మినదాన్ని. ఎదుటివాళ్ళ బెరుకు పోవాలని పువ్వు పెడుతున్నంతసేపూ ఏదో ఒకటి వాగుతూనే ఉంటాను. "రండి రండి, వందనాలు! మొదటిసారా? మీకోసమే చూస్తున్నాం!" ఈ మాట ఎంతమందితో అన్నానో లెక్కలేదు.

ఏడాదిలో ముప్పైఒక్కమంది కొత్తవాళ్ళు వచ్చారని పాస్టరమ్మగారు మురిసిపోయారు. వాళ్ళలో మళ్ళీ ఎవరొచ్చారని ఎవరమూ అడగలేదు. పువ్వు లేనివాళ్ళను పలకరించే పని ఎవరికీ అప్పగించలేదు మరి. కొత్తొక వింత, పాతొక రోత.

మొన్న శనివారం కూడిక అయ్యాక పాస్టరమ్మగారు ఆ పెట్టె నా చేతికిచ్చారు. "వచ్చే నెల పెద్ద కూడిక పెడుతున్నాం పూలక్కా. వీళ్ళందరికీ ఫోన్లు చేసి పిలువు."

గురువారం పని కాస్త తెరిపిచ్చాక కొట్లోనే పెట్టె తెరిచాను. మూడు చీటీల్లో ఒకటే నంబరు. ఒకటే చేతిరాత, పక్కకి వాలిపోతున్న అక్షరాలు. మూడు నెలలు వరసగా. మొదట నవ్వొచ్చింది. పువ్వు మీద ఇంత మోజేమిటే తల్లీ అనుకున్నాను. తర్వాత కింద రాసింది చదివాను.

మొదటి చీటీ: "ఆసుపత్రిలో పరీక్షలు చేస్తున్నారు. భయంగా ఉంది."

రెండోది: "గడ్డ మంచిది కాదన్నారు. ఆపరేషన్ చెయ్యాలట."

మూడోది, మొన్న శనివారం వేసింది: "పద్నాలుగో తేదీ మంగళవారం ఉదయం ఎనిమిదికి ఆపరేషన్. తోడు ఒకరు ఉండి తీరాలంటున్నారు. నాకెవరూ లేరు. మీలో ఎవరైనా వస్తారా?"

ఆ రోజు పదహారు.

వెంటనే ఆ నంబరుకి ఫోన్ చేశాను. రెండు రింగులకే ఎత్తింది.

"వందనాలండీ, నేను స్త్రీల కూడిక నుంచి..."

"పూలక్కగారా? గొంతు గుర్తుపట్టానమ్మా."

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆపరేషన్ ఏమైందని ఎలాగో అడిగాను.

"వెళ్ళానమ్మా. సంచీ సర్దుకుని ఏడింటికే కూర్చున్నాను. తోడెవరూ లేరని పంపించేశారు. మళ్ళీ రెండు నెలలకి ఇచ్చారు తేదీ. అప్పటిదాకా గడ్డ ఊరుకుంటుందా అనడిగాను. డాక్టరుగారు కాగితాలు తిరగేస్తూ ఉండిపోయారు."

"ఆ రోజు నేనొస్తాను. నేనే వస్తాను" అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. నా మీద నాకొచ్చిన కోపం పాడు నోటిలోంచి ఆవిడ మీదికే పోయింది. "మూడుసార్లు వచ్చారే, నేను కొత్తదాన్ని కాదని ఒక్కసారైనా చెప్పొద్దా?"

"రెండోసారే చెప్దామనుకున్నా. మీరంత సంబరంగా పువ్వు పెడుతుంటే నోరు రాలేదు." ఆవిడే మాట మార్చింది: "అది పోనివ్వండి. మీ మనవడికి మాటలొచ్చాయా? మూడేళ్ళు నిండుతున్నా అమ్మా అని కూడా అనట్లేదన్నారుగా. రోజూ వాడికోసం ప్రార్థన చేస్తున్నాను."

ఆ దిగులు మా ఇంటి గడప దాటలేదనుకున్నాను. ఏ నెలలో పువ్వు పెడుతూ నోరు జారానో నాకే తెలియదు.

ఇంకా రాలేదన్నాను. "వస్తాయిలెండి, కొందరికి ఆలస్యంగా వస్తాయి" అని ఆవిడే నన్ను ఓదార్చింది. నాకు ఏడుపు ఆగలేదు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఆవిడ ముఖం గుర్తుతెచ్చుకోవాలని చూశాను. ఐదు రోజుల కిందట నా ముఖానికి జానెడు దూరంలో ఉన్న మనిషి. ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ గుర్తొచ్చింది. భుజం దగ్గర ఊడిన కుట్టు గుర్తొచ్చింది. ముఖం ఎంతకీ రాలేదు.