లేని గదికి మరమ్మతు

దేశాభివృద్ధి అంతా రెండో అంతస్తులో, నా బల్ల మీదే జరుగుతుంది. ప్రణాళికా విభాగంలో గుమాస్తాని మరి. ఏ ఊరికి ఏం కావాలో చెప్పే దరఖాస్తులు నా దగ్గరికే వస్తాయి. ఎందుకు ఇవ్వలేమో చెప్పే ఉత్తరాలు నా దగ్గర నుంచే పోతాయి.

ఆ ఏడు నా మరదలే వచ్చి ఎదురుగా కూర్చుంది. నర్సు. ఆమె పనిచేసే ఆరోగ్య కేంద్రంలో కాన్పుల గది లేదు. వరండాలో దుప్పటి అడ్డం కట్టి పురుళ్ళు పోస్తుంది. పోయిన వానాకాలం తడికీ చలికీ ఒక పసిబిడ్డ దక్కలేదు. ఎప్పుడూ నన్ను ఆటపట్టించే మనిషి, ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు.

"బడ్జెట్లో కొత్త కట్టడాలకి సున్నా," అన్నాను. "మరమ్మతులకైతే బోలెడుంది. ఈ నెలాఖరులోగా వాడకపోతే మురిగిపోతుంది కూడా."

"అయితే మరమ్మతే చెయ్యండి."

"ఉన్నదానికే మరమ్మతు, తల్లీ. లేని గదికి ఏం చేస్తాం?"

"ఎంత ఉంటే ఉన్నట్టు, బావా?"

ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

"ఒక్క గోడైనా ఉండాలి," అన్నాను, వదిలించుకుందామని.

పది రోజుల్లో దరఖాస్తు వచ్చింది: 'కాన్పుల గది శిథిలమైనది. ఒక్క గోడ మాత్రమే మిగిలినది.'

తనిఖీకి ఇంజనీరుగారి వెంట నేనూ వెళ్ళాను. వరండా పక్కన ఒకే ఒక్క గోడ, నిటారుగా నిలబడి ఉంది. దాని వెనకాల తాపీమేస్త్రీ నక్కి ఉన్నాడు.

ఇంజనీరుగారు గోడకి చెయ్యి ఆనించి, "ఎప్పటిదమ్మా ఇది?" అన్నారు.

"చాలా పాతదండీ," అంది నా మరదలు, కళ్ళార్పకుండా.

ఆయన చెయ్యి తీశారు. పొద్దున్నే పూసిన సిమెంటులో ఐదు వేళ్ళూ అచ్చు గుద్దినట్టు పడ్డాయి. నా ఉద్యోగం నా కళ్ళ ముందే ఊడిపోతున్నట్టనిపించింది. అప్పుడే దుప్పటి వెనక ఎవరో నొప్పులతో మూలిగారు. ఆయన అటు చూశారు, తన చేతిని చూసుకున్నారు. జేబురుమాలుతో తుడుచుకుని, తాపీగా రాశారు: 'మూడు గోడలు, పైకప్పు పడిపోయినవి. తక్షణమే మరమ్మతు చేయవలెను.'

వానలకి ముందే గది లేచింది. ఆ చేతి గుర్తు మీద మాత్రం నా మరదలు సున్నం వెయ్యనివ్వలేదు. మొన్నొక బాలింత మంచం మీద నుంచి చూసి, అది ఎవరి చెయ్యని అడిగిందట.

"సర్కారువారిది," అందట మా మరదలు. "ఇటు రావడం అదే మొదలు. గుర్తుండాలని ఉంచేశాం."