లీటరుకు పంతొమ్మిది

"నువ్వు అమ్ముకోకుంటే డీజిల్ ఎటు పోతున్నది ఇస్తారి?"

విజయేందర్ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదని ఇస్తారికి అనిపించింది. గట్టిగా తిట్టే ఓనరు సాయంత్రానికి మరిచిపోతాడు. మెల్లగా అడిగేవాడు మరిచిపోడు.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక, రెండో అంతస్తులో ఉంది ఆ ట్రావెల్స్ ఆఫీసు. మొత్తం పదకొండు కార్లు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసే అమ్మాయిలను పొద్దున ఇళ్ల దగ్గర ఎక్కించుకోవాలి, సాయంత్రం తిరిగి ఇళ్లకు చేర్చాలి. ఆఫీసు గోడమీద ఒక చార్టు. ఏ కారు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇచ్చిందో వారం వారం అందులో రాస్తారు. అందరికంటే పైన రాకేశ్ పేరు, పంతొమ్మిది. అందరికంటే కింద ఇస్తారి, పదమూడున్నర. ఇద్దరివీ ఒకే మోడల్ డీజిల్ కార్లు.

విజయేందర్ సొంత బండి, ఆటోమేటిక్ గేర్ల పెద్ద బండి, తొమ్మిది కూడా దాటదు. చార్టులో దానికి గడి లేదు.

"నాది పాత బండి సార్. లక్షా ఎనభై వేల కిలోమీటర్లు తిరిగింది. ఎక్కంగనే పిల్లలు ఏసీ పెట్టమంటరు."

"రాకేశ్ బండిల ఏసీ లేదా?"

తలుపుకు ఆనుకొని నిలబడ్డ రాకేశ్ నవ్వాడు. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. "బండి ముసలిదైతే ఏంది కాకా? నీ కాలే బరువు. నువ్వు యాక్సిలరేటర్ తొక్కుతలేవు, కట్టెలు కొడుతున్నవ్."

"నీ కాలు దూదితో చేసిండ్రా?" అన్నాడు ఇస్తారి. కానీ నవ్వు రాలేదు.

కార్ల రాకపోకలు చూసుకునే సుష్మిత కంప్యూటర్ మీంచి తలెత్తింది. "మాటలెందుకు సార్? బండ్లు మార్చి చూద్దాం. ఇస్తారన్న రాకేశ్ బండి నడుపుతడు. రాకేశ్ ఇస్తారన్న బండి నడుపుతడు. దారి ఒక్కటే, ఏసీ ఒక్కతీరు. నేను వెనక కూసుంట."

విజయేందర్ చార్టు వైపు చూశాడు. "సరే. ఇయ్యాల్నే తేలిపోవాలె. విను ఇస్తారి. రాకేశ్ చేతుల నీ ముసలి బండి పంతొమ్మిది ఇచ్చిందనుకో, బండిది తప్పు లేనట్టే. డీజిల్ నువ్వు గుంజి అమ్ముకున్నట్టే. తాళంచెయ్యి టేబుల్ మీద పెట్టి పోవాలె. పోలీసుల దాక పోను గని, ఓనర్ల గ్రూపుల నీ ఫోటో పెడుత."

ఆ వాట్సాప్ గ్రూపులో కూకట్‌పల్లి నుంచి పంజాగుట్ట దాకా ట్రావెల్స్ వాళ్లంతా ఉన్నారు. యాభై ఒక్క ఏళ్ల డ్రైవర్ ఫోటో కింద 'డీజిల్ దొంగ' అని పడితే ఈ ఊళ్లో ఎవడూ స్టీరింగ్ ఇవ్వడు. ఇస్తారికి వేరే పని రాదు. బోరబండలో భార్య కాంతవ్వ జాకెట్లు కుడుతుంది. ఆమెకు ఈ మాట ఎలా చెప్పాలో కూడా తెలియదు.

"సరే సార్" అన్నాడు.

* * *

పొద్దున పదిన్నరకు మొదలైంది. బంకులో నాజిల్ దానంతటదే ఆగేదాకా ట్యాంకు నింపారు. అమీర్‌పేట నుంచి ఎర్రగడ్డ, అక్కణ్నుంచి తిరిగి శ్రీనగర్ కాలనీ, పంజాగుట్ట ఫ్లైఓవర్, మళ్లీ అమీర్‌పేట. ఒక రౌండు పన్నెండు కిలోమీటర్లు. నాలుగు రౌండ్లు.

రాకేశ్ కొత్త బండిని ఇస్తారి గాజు సామాను మోసినట్టు నడిపాడు. ఈ బండి కనీసం పదిహేడు ఇస్తుంది, తప్పంతా నా పాత ఇంజిన్‌దని తేలుతుంది. అదొక్కటే అతని ఆశ. నాలుగు రౌండ్లయ్యాక మళ్లీ అదే బంకు, అదే నాజిల్. మీటరు మూడు లీటర్ల ముప్పై మూడు దగ్గర ఆగింది.

సుష్మిత ఫోన్‌లో లెక్క చూసింది. "పద్నాలుగు పాయింట్ నాలుగు అన్నా."

ఇస్తారి బంకు మీటరు వైపు మరోసారి చూశాడు. కొత్త బండి కూడా తన చేతిలో పద్నాలుగే ఇచ్చింది. రెండు బండ్లకూ తేడా ఒక్క కిలోమీటరు కూడా లేదు. ఇంక బండి మీదికి నెట్టడానికి ఏమీ మిగల్లేదు.

మధ్యాహ్నం రెండింటికి, అలాగే ట్యాంకు నింపించాక, రాకేశ్ ఇస్తారి బండి ఎక్కాడు. సీటు ముందుకు జరుపుకున్నాడు. పాటలు పెట్టాడు. సుష్మిత వెనక కూర్చుంది. ఇస్తారి బంకు పక్క టీ కొట్టు ముందు నిలబడిపోయాడు. మొదటి రౌండు. రెండో రౌండు. బండి ముందునుంచి పోయిన ప్రతిసారీ అద్దాల్లోంచి పాటలు దడదడలాడుతూ వినబడ్డాయి. రాకేశ్ చెయ్యి ఊపాడు.

మూడో రౌండు కాగానే ఇస్తారి రోడ్డు మీదికి వచ్చి బండి ఆపాడు. వెనక అద్దం దిగింది.

"ఎంతున్నదమ్మా?"

సుష్మిత ముందు సీట్ల మధ్య నుంచి వంగి మీటరు పక్క లీటరుకు ఎంత వస్తుందో చూపే చిన్న తెర చూసింది. చెప్పడానికి ఇష్టం లేనట్టు చెప్పింది. "పద్దెనిమిది పాయింట్ తొమ్మిది."

ఆరేళ్లుగా తోలుతున్న బండి. ఆ తెర మీద పదహారు దాటడం ఇస్తారి హైవే మీద తప్ప చూడలేదు.

"ఆఖరి రౌండ్ నేను సుత ఎక్కుత."

"దేనికి కాకా, దిష్టి పెట్టనీకా?" రాకేశ్ నవ్వాడు. కానీ నవ్వు ఒక్క క్షణం ఆలస్యమైంది. "మనిషి బరువు పెరిగితే మైలేజీ తగ్గుతది మేడం."

"తగ్గనీ. ఎక్కన్నా" అంది సుష్మిత.

* * *

ఇస్తారి రాకేశ్ పక్క సీట్లో కూర్చున్నాడు. మైత్రీవనం సిగ్నల్ దగ్గర తొంభై సెకన్ల ఎరుపు పడింది. రాకేశ్ ఇంజిన్ ఆపేశాడు. పది సెకన్లు ఉందనగా స్టార్ట్ చేశాడు. ముందు ఎరుపు కనబడితే దూరం నుంచే కాలు తీసేసి, బండిని దాని ఊపు మీద పోనిచ్చాడు. బ్రేకు ముట్టడం తక్కువ. రెండు, మూడు, నాలుగు గేర్లు త్వరత్వరగా, ఇంజిన్‌కు కోపం రాకుండా మార్చాడు.

బాగా నడుపుతాడు. ఒప్పుకోవాల్సిందే. తాను సిగ్నళ్లలో ఇంజిన్ ఆపడు, ఏసీ ఆగితే పిల్లలు ఉక్కకు సణుగుతారని. ఈ పద్ధతికి ఒక రెండు కిలోమీటర్లు పెరగొచ్చు. అంటే పదహారు. పోనీ, పదహారున్నర.

మిగతా మూడు ఎక్కణ్నుంచి వస్తున్నాయి?

ఎర్రగడ్డ రైతుబజార్ దగ్గర బండి నత్తలా పాకింది. తెర మీద అంకె పద్దెనిమిదికి పడింది. శ్రీనగర్ కాలనీ దాటేసరికి మళ్లీ పైకి ఎగబాకింది. ఎత్తుపల్లాల రోడ్డు అది. ఎక్కేటప్పుడు తగ్గింది. దిగేటప్పుడు తగ్గినదానికంటే ఎక్కువ పెరిగింది. దిగిన ప్రతిసారీ రాకేశ్ పాట సౌండు పెంచాడు.

ఇస్తారి అతని మొహం చూడటం మానేసి చేతులు చూడసాగాడు.

నాలుగు దాటింది. స్కూళ్లు వదిలే వేళ. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కారు. పైకి చేరగానే రాకేశ్ ఎడమ చెయ్యి సౌండు పెంచి, గేరును న్యూట్రల్‌కు జరిపింది. కుడి చెయ్యి స్టీరింగ్ కిందికి పోయింది. ఒక్క టిక్. వెంటనే ఇంకో టిక్. వేగం చూపే ముల్లు యాభై మీద ఉంది. దాని పక్కన ఇంజిన్ తిరుగుడు చూపే ముల్లు మాత్రం సున్నాకు పడిపోయింది.

ఏసీ గాలి వెచ్చబడింది.

ఇస్తారి చెయ్యి చాచి పాట ఆపేశాడు.

సిరిసిల్లలో మరమగ్గాల మోతలో పుట్టి పెరిగినవాడు. వంద సాంచాలు ఆడుతున్న షెడ్డులో ఒకటి ఆగితే అతనికి చెవిలో తెలిసేది. ఇక్కడ వినడానికి అంత నైపుణ్యం అక్కర్లేదు. బండిలో టైర్ల సవ్వడి తప్ప ఏమీ లేదు.

"ఏంది, బండి ఆగిపోయిందా?" సుష్మిత ముందుకు వంగింది.

"ఆగలేదమ్మా. ఆపిండు" అన్నాడు ఇస్తారి. "మీదికెల్లి బంద్ చేసి, న్యూట్రల్‌ల దించుతున్నడు."

"దిగేదానికి ఇంజిన్ ఎందుకు మేడం?" రాకేశ్ గొంతు తేలిగ్గానే ఉంది. "తాళంచెయ్యి మళ్ల ఆన్‌ల పెట్టిన. స్టీరింగ్ లాక్ పడది, మీటర్ తిరుగుతది. చుక్క డీజిల్ తాగది. ఫికర్ చెయ్యకుండ్రి."

"బంద్ చేసినంక బ్రేక్ ఎన్నిసార్లు తొక్కినవ్?"

"ఏమో. రెండు."

"రాకేశ్, స్టార్ట్ చెయ్యి."

"దిగినంక చేస్త కాకా."

"ఇంజిన్ లేకుంటే బ్రేక్ మూడు తొక్కులకు మించి పనిచెయ్యదు. నాలుగోసారి రాయి తొక్కినట్టే. స్టార్ట్ చెయ్ రా!"

ముందు సిటీ బస్సు. దాని వెనక ఎర్ర లైట్లు వెలిగాయి. బస్సుకూ కారుకూ నడుమ ఒక స్కూటీ. నడుపుతున్నది ఒక తల్లి. వెనక బడి యూనిఫాంలో ఏడెనిమిదేళ్ల పిల్ల, వీపున పెద్ద సంచి.

రాకేశ్ బ్రేకు తొక్కాడు. వేగం కొంచెం తగ్గింది. బస్సు పూర్తిగా ఆగిపోయింది. స్కూటీ ఆగింది. రాకేశ్ మళ్లీ తొక్కాడు.

పెడల్ కదల్లేదు.

రెండు కాళ్లూ పెట్టి తొక్కాడు. పక్కకు తిప్పబోతే స్టీరింగ్ బండరాయిలా బిగుసుకుంది. అటు గోడ, ఇటు ఆటో. "కాకా..." అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ల గొంతు కాదది, పిల్లవాడి గొంతు.

ఇస్తారి హ్యాండ్ బ్రేకు రెండు చేతులతో పైకి లాగాడు. వెనక టైర్లు కీచుమన్నాయి. "మూడో గేర్ ఎయ్! క్లచ్ ఇడువు! ఇడువ్!"

రాకేశ్ గేర్ వేసి క్లచ్ వదిలాడు. బండి ఎవరో వెనక నుంచి పట్టి గుంజినట్టు ఊగింది. ఇంజిన్ దగ్గి, అందుకుంది. కాలి కింద పెడల్ మెత్తబడి లోపలికి దిగింది.

సుష్మిత కళ్లు మూసుకుంది. తెరిచేసరికి బండి ఆగి ఉంది. బంపరుకూ పిల్ల వీపున సంచికీ మధ్య జానెడు సందు.

తల్లి వెనక్కి తిరిగింది. "కండ్లు నెత్తికెక్కినయా? పిల్ల కనిపిస్తలేదా?"

బస్సు కదిలింది. స్కూటీ పోయింది. వెనక హారన్లు మోగుతున్నా రాకేశ్ చేతులు స్టీరింగ్ మీంచి లేవలేదు.

* * *

బంకు దగ్గర విజయేందర్ ఎదురుచూస్తున్నాడు. నాజిల్ ఆగగానే తనే మీటరు చూశాడు. రెండున్నర లీటర్లు. ఫోన్‌లో లెక్క కట్టాడు.

"పంతొమ్మిది పాయింట్ రెండు. ఇంక ఏమన్న మాట్లాడేది ఉన్నదా ఇస్తారి? తాళంచెయ్యి ఇయ్యి."

"సార్, ఫ్లైఓవర్ మీద ఇంజిన్ బంద్ చేసి దించిండు" అంది సుష్మిత. "బ్రేక్ పడలేదు. బడి పిల్లను కొట్టేటోళ్లం. జానెడు దూరంల ఆగింది."

"ఆగింది కదా?"

సుష్మిత ఇస్తారి వైపు చూసింది.

"బంద్ చేసి దించుడు పాత లారీ డ్రైవర్ల పద్ధతే" అన్నాడు విజయేందర్. "జర సూసుకోవాలె, అంతే. మైలేజీ అయితే వచ్చింది. బండిల దోషం లేదని తేలింది."

ఇస్తారి జేబులో చెయ్యి పెట్టాడు. రాకేశ్ బండి తాళంచెవి పొద్దుటి నుంచీ అక్కడే ఉంది. తీసి విజయేందర్ ముందు చాచాడు. ఇవ్వలేదు.

"ఇస్త సార్. ఒక్క పని చెయ్యిండ్రి. మీరు ముందు సీట్ల కూసోండ్రి. రాకేశ్ నడుపుతడు. గదే ఫ్లైఓవర్, గిదే టైము. గట్లనే బంద్ చేసి దించుతడు. కింద దిగినంక మీరు పంతొమ్మిది అంటే నేను దొంగనే. ఫోటో నేనే దిగి ఇస్త."

విజయేందర్ చిరాకుగా నవ్వాడు. "నాటకాలా? నడువ్ రాకేశ్."

రాకేశ్ కదల్లేదు.

"రాకేశ్!"

"నేను నడప సార్."

"ఏందిరా?"

"బంద్ చేసి నడప. మిమ్మల్ని కూసోబెట్టుకొని అసలే నడప." రాకేశ్ నేల చూస్తూ మాట్లాడాడు. "ఏడాదైతుంది సార్ గిట్ల చేయవట్టి. కొత్త బండి ఎవరికిచ్చిండ్రు? చార్టుల అందరికంటె మీద ఉన్నోనికి. కింద ఉన్నోన్ని దొంగ అన్నరు. నేనేం చెయ్యాలె? కనకయ్య సుత నిన్న అడిగిండు, ఎట్ల చేస్తున్నవ్ తమ్మీ అని. చెప్పిన."

కనకయ్య ఏడో నంబరు బండి డ్రైవర్. విజయేందర్ సుష్మిత వైపు తిరిగాడు. "ఏడో నంబర్ ఇప్పుడు ఎక్కడున్నది?"

"హైటెక్ సిటీల సార్. ఐదున్నరకు నలుగురు ఆడపిల్లలు ఎక్కుతరు. గా ఫ్లైఓవర్ మీదికెల్లే వస్తరు."

విజయేందర్ మొహంలో రంగు మారింది. ఈసారి అతను లెక్క కట్టింది లీటర్లు కాదు. "ఫోన్ చెయ్. అందరికి చెయ్. ఎవ్వడు బంద్ చేసి దించొద్దని చెప్పు. నేను చెప్పిన్నని చెప్పు."

సుష్మిత ఫోన్ చెవికి ఆనించుకొని పక్కకు నడిచింది. కనకయ్య మూడో రింగుకు ఎత్తాడు. ఆమె మాటలు అయ్యేదాకా విజయేందర్ అక్కడే నిలబడ్డాడు. తర్వాత ఇస్తారి చేతిలో తాళంచెవి చూశాడు. చెయ్యి చాచలేదు.

"బంద్ చెయ్యకుంటే రాకేశ్‌కు ఎంత వస్తుండె?"

రాకేశ్ తలెత్తి ఇస్తారి వైపు చూశాడు. వాడి గురించి ఇప్పుడు ఏం చెప్పినా చెల్లుతుందని ఇస్తారికి తెలుసు.

"పదహారు సార్. మంచిగ నడుపుతడు. నాకంటె రెండు ఎక్కువ. గీ ట్రాఫిక్‌ల గంతకు మించి ఎవ్వనికీ రాదు."

"నీకు?"

"పద్నాలుగు. ఏసీ నడిస్తే."

విజయేందర్ ఫోన్‌లో టైము చూశాడు. "ఐదైంది" అన్నాడు. "నీ బండెక్కే పిల్లలు ఎదురుచూస్తుంటరు. పో."

ఇస్తారి రాకేశ్ తాళంచెవి రాకేశ్‌కు ఇచ్చి, తనది తీసుకున్నాడు. తన బండిలో కూర్చొని సీటు వెనక్కి జరుపుకున్నాడు. స్టార్ట్ చేసి, ఏసీ పెట్టి, బంకు గేటు దాటాడు.