గంధం రాసిన చెయ్యి

మావారి ముంజేతి మీద ఎర్రటి దద్దుర్లు కనిపిస్తే నేనెప్పుడూ పట్టించుకోలేదు. దోమలతో పని చేసే మనిషికి దోమకాట్లు కాక ఇంకేముంటాయి? కానీ అవే దద్దుర్లు ఉమాశ్రీ చేతి మీద చూసిన రోజు నా ఒళ్ళు మండిపోయింది.

మావారు మణిశంకర్ రాజమండ్రిలో జువాలజీ లెక్చరర్. కాలేజీ మేడ మీద చిన్న ల్యాబ్, అందులో వలగుడ్డ కట్టిన దోమల బోను. ఉమాశ్రీ ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. ముప్పై దాటినా పెళ్ళి కాలేదు. దోమ పొట్టలో దానికి తోడుగా బతికే బ్యాక్టీరియా ఒకటుందట. దాన్ని పైకి తీసి, పెంచి, పంచదార నీళ్ళలో కలిపి మళ్ళీ దోమలకే తాగిస్తారు. అది బాగా పెరిగిన దోమలో బోదకాలు తెచ్చే పురుగు ఎదగలేదని వీళ్ళ ఆశ. మా కోనసీమలో ఆ కాళ్ళు చూసినదాన్ని, అది చిన్న సంగతి కాదని నాకూ తెలుసు.

పంచదారతో దోమ బతుకుతుంది గానీ గుడ్లు పెట్టాలంటే రక్తం కావాలి. అందుకని ఇద్దరూ వంతులేసుకుని బోనులో చెయ్యి పెడతారు. అంటే ఆయన్ని కుట్టిన దోమే ఆవిడనీ కుడుతుంది. ఇద్దరి రక్తం ఒకే పొట్టలో! ఆ ఆలోచన వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. ఆయనకి మాత్రం బాగానే సహించేది. "ఉమాశ్రీ గారు ఇలా అన్నారు, ఉమాశ్రీ గారు అలా చేశారు" అంటూ పనసపొట్టు కూర ఖాళీ చేసేవారే గానీ, కూర ఎలా ఉందో చెప్పడానికి నోరొచ్చేది కాదు. పన్ను వాచి మాత్రలు మింగుతున్న వారంలో కూడా అదే పాట.

శ్రావణ శుక్రవారం పేరంటానికి ఉమాశ్రీని పిలిచాను. "ల్యాబ్‌లో పనుందండి, ఏమీ అనుకోకండి" అని ఫోన్ చేసింది. రానివాళ్ళకి తాంబూలం పంపడం మనకి ఉన్నదే. నేనే పట్టుకెళ్ళాను. కాలేజీ వదిలేశాక ఇద్దరికీ అంత పనేంటో చూద్దామని.

చూస్తే ఆయన మైక్రోస్కోపు మీద వంగున్నారు. ఆవిడ బోను దగ్గర నిలబడింది. నాకెందుకో ఇంకా కోపమొచ్చింది.

ఆవిడని స్టూలు మీద కూర్చోబెట్టి పాదాలకి పసుపు రాసి, బొట్టు పెట్టాను. గంధం మెడకీ చేతులకీ కాస్త అద్దితే చాలు. నేను ఆ దద్దుర్లు కనబడకుండా మోచేతుల దాకా రుద్దాను. శనగలు, తాంబూలం చేతిలో పెట్టాను. ఆవిడ నవ్వుతూ తీసుకుంది.

తర్వాత ఆవిడ బోనులో చెయ్యి పెడితే ఒక్క దోమా వాలలేదు. అన్నీ అవతలి మూలకి పోయాయి.

"గంధం వాసనండి" అంది ఉమాశ్రీ నెమ్మదిగా. సబ్బుతో కడుక్కొచ్చింది. సబ్బు వాసనకి అసలే రాలేదు.

మావారి మొహం పాలిపోయింది. "నేను పెడదామంటే పంటికి యాంటీబయాటిక్ వాడుతున్నాను. నా రక్తం తాగితే వాటి పొట్టలో బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఇవాళ తాగకపోతే ఈ గుంపు గుడ్లు పెట్టకుండానే పోతుంది. ఇన్ని నెలల పని!"

నేను గంధం రాసింది కుడిచేత్తో. ఎడమచెయ్యి శుభ్రంగానే ఉంది.

"నాది పనికిరాదా ఏంటి?" అన్నాను.

"నువ్వా? దురద పెడుతుంది, మీనా."

"మీ ఇద్దరికీ లేని దురద నాకేనా?" అని చెయ్యి లోపల పెట్టేశాను.

ఒక్కొక్కటే వచ్చి వాలాయి. ఆయన నా పక్కన గొంతుక్కూర్చుని, మోచెయ్యి పట్టుకుని, "కదలకు" అన్నారు. పెళ్ళయ్యాక నన్ను అంత శ్రద్ధగా చూసింది లేదు. చూస్తున్నది నన్ను కాదు, దోమల్ని. అయినా బాగుంది. పనయ్యాక సొరుగులోంచి ట్యూబు తీసి, ప్రతి దద్దురు మీదా తనే మందు రాసి ఊదారు.

గెలిచినట్టు తలెత్తాను. ఉమాశ్రీ ఆయన వేళ్ళకేసి చూస్తోంది. ఆ చూపు నాకు కొత్త కాదు. నేను చూసే చూపే.

"మీకూ ఇలాగే రాస్తారా?" ఉండబట్టలేక అడిగాను.

"లేదండి. ట్యూబు ఎక్కడుందో చెప్పారు" అంది. అని, చెంగు తీసి చేతుల మీదుగా కప్పుకుంది.

"పొట్టలన్నీ ఎర్రబడ్డాయండీ, ఉమాశ్రీ గారూ!" ఆయన బోనులోంచి కళ్ళు తిప్పలేదు.

నేను కనిపెట్టాలని వెళ్ళింది కనిపెట్టాను. ఆయనకి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

మరుసటి శుక్రవారం పట్టుబట్టి పిలిస్తే ఉమాశ్రీ మా ఇంటికొచ్చింది. నా అసూయ పోయిందని కాదు, కడుపులో అలాగే ఉంది. పసుపు రాశాను, బొట్టు పెట్టాను. గంధానికి ఆవిడ రెండు చేతులూ చాచింది.

నేను మెడకి మాత్రమే రాశాను.