దర్జీ కుడికన్ను

కుడికన్ను చూపు పోయిన రోజున దర్జీ ఒక నల్లకోటుకు చేతులు అతుకుతున్నాడు. చూపును మెల్లగా తినేసే నీటికాసుల జబ్బుకని ఆ ఉదయమే ఆ కంటికి లేజరు చేశారు. "ఇది చేశాక కంట్లో ప్రెషరు ఒక్కోసారి ఉన్నట్టుండి పెరుగుతుంది. గంటసేపు కూర్చోండి, చూసి పంపిస్తాం. పెరిగితే మందేస్తాం," అంది నర్సు. అతను సాయంత్రానికల్లా కోటు ఇస్తానని మాటిచ్చి ఉన్నాడు. ఆమె అటు తిరగ్గానే చెప్పులు చేతబట్టుకుని బయటపడ్డాడు. మధ్యాహ్నానికి కన్ను పోటెత్తింది. లేజరన్నాక నొప్పి ఉండదా అనుకుని, పళ్లబిగువున మిషను తొక్కాడు. మళ్లీ ఆసుపత్రికి వెళ్లేసరికి చెయ్యి దాటిపోయింది.

ఇంట్లో అడిగితే "లేజరు వికటించింది" అన్నాడు. అది పూర్తిగా అబద్ధం కాదు. అందుకే నోటికి అంత తేలిగ్గా వచ్చింది.

అప్పటినుంచీ భార్యే పొద్దున్నే సూదులకు దారాలెక్కించి పెడుతుంది. ఒక్కో దారానికీ, లేజరు చేసిన డాక్టరమ్మకు ఒక్కో శాపం. అతను తల వంచుకుని కుడతాడు. వంకరపోయిన కుట్టు విప్పి మళ్లీ కుడతాడు.

ఈవేళ పక్కకొట్టు ఇస్త్రీ ఆయన సంచి భుజాన వేసుకుని వచ్చాడు. చుట్టరికమేమీ లేకపోయినా ఇద్దరూ బావా అనే పిలుచుకుంటారు.

"నాకూ నీ జబ్బే కదా బావా, రేపు లేజరుకి రమ్మన్నారు. అందుకే ఇవాళే మా అమ్మాయి ఊరికి ఉడాయిస్తున్నా."

"మంచి పని చేశావన్నయ్యా," అంది దర్జీ భార్య. "ఈయన బంగారంలాంటి కన్ను బుగ్గి చేసింది ఆ మహాతల్లి."

"నిన్న ఇస్త్రీపెట్టె పక్కనే పెట్టుకుని, పెట్టె ఏదీ అని కొట్టంతా గాలించానమ్మా." ఇస్త్రీ ఆయన నవ్వాడు. "అయినా ఉన్న మసకే నయం. నువ్వేమంటావ్ బావా?"

దర్జీ నోరు తెరిచాడు. భార్య అతనివైపే చూస్తోంది, కళ్లనిండా జాలితో.

"నీ ఇష్టం," అన్నాడు.

ఇస్త్రీ ఆయన గోడ తడుముకుంటూ మలుపుదాకా వెళ్లాడు. దర్జీ ఒక్క ఉదుటున గుమ్మంలోకి వచ్చి, "బావా, ఆగు!" అని కేకేశాడు.

"ఏంటి?" ఆయన ఆగి, అతను లేనివైపుకు తిరిగాడు.

"మెల్లగా వెళ్లు."

సాయంత్రం బస్సు వెళ్లిపోయింది. పక్కకొట్టులో బల్ల మీద, పెట్టె ఆకారాన మాడిన దుప్పటి పరిచే ఉంది. ఆసుపత్రిలో కూర్చోని ఆ గంట సంగతి దర్జీ ఇంకా ఎవరికీ చెప్పలేదు.