ఉమాకాంతం గారి కరెంటు కారు

జగ్గయ్యపేటలో హెడ్మాస్టరుగా రిటైరైన ఉమాకాంతం గారు పాత పెట్రోలు కారొకటి కొన్నారు. అమ్మిన వేదవ్యాస్ మిలిటరీలో పనిచేసి లేహ్ నుంచి వచ్చినవాడు. కారు ముందు బంపరు కింద మూడు పిన్నుల ప్లగ్గొకటి వేలాడుతోంది. అదేమిటో ఉమాకాంతం గారు అడగలేదు. ఉద్యోగమంతా పిల్లల్ని ప్రశ్నలడిగిన మనిషికి తనకు తెలియదని ఒప్పుకోవడం నామోషీ.

"ఇది కరెంటుతో కూడా నడుస్తుంది" అని వీధిలో చాటి, వంటింట్లోంచి వైరు లాగి ప్లగ్గు పెట్టారు. అసలే రోహిణి కార్తె. పొద్దున్నే బానెట్ మీద చెయ్యేసి, "వెచ్చగా ఉంది, చూడండి. చార్జింగు ఎక్కింది" అన్నారు. వీధివాళ్లంతా వంతులవారీగా చేతులేసి ఔనన్నారు.

"ఏవండీ, వైరు కాలిపోతోంది, ముట్టుకోలేకపోతున్నా. అయినా పెట్రోలు బంకుకి వెళ్తూనే ఉన్నారుగా?" అంది భార్య వెంకాయమ్మ.

"అది ఇంజను మర్యాద కోసం" అన్నారాయన.

కబురు నందిగామ చేరింది. అక్కడి పర్యావరణ మిత్ర సంఘం అధ్యక్షుడు దత్తాత్రేయ ఆయన్ని సన్మానానికి పిలిచాడు. సరిగ్గా శాలువా కప్పగానే హాల్లో కరెంటు పోయింది.

"నా కారుండగా దిగులెందుకండీ!" అన్నారు ఉమాకాంతం గారు. కార్లో ఫోను చార్జింగు పెట్టుకునే సాకెట్టుకి వెంట తెచ్చుకున్న చిన్న ఇన్వర్టరు తగిలించి, ఇంజను స్టార్టు చెయ్యకుండానే తాళం కాస్త తిప్పారు. మైకూ, రెండు ఫ్యాన్లూ నడిచాయి. చప్పట్లు మోగాయి.

"ఒక్క చుక్క పెట్రోలు లేకుండా..." అంటుండగా మైకు మూగబోయింది. పరుగున వెళ్లి తాళం తిప్పితే కారు టిక్కుమని ఊరుకుంది. చెమటలు కక్కుతూ వేదవ్యాస్‌కి ఫోను చేశారు. దత్తాత్రేయ పక్కనే నిలబడి వింటున్నాడు.

"మాస్టారూ, అది ఇంజను హీటరండీ! లేహ్ చలికి ఇంజను బిగుసుకుపోకుండా వేడిచేస్తది. జగ్గయ్యపేటలో పెట్టారా?"

"రోజూ..."

"అమ్మో! ముందు తీసేయండి. చలి దేశంలోనైనా ఎర్తింగున్న లావు వైరుతోనే పెట్టాలి, స్టార్టు చేసేముందు పీకేయాలి. ఇక ఇంజను ఆపేసి మైకులూ ఫ్యాన్లూ నడిపితే బ్యాటరీ దిగిపోక ఏమవుద్దండీ?"

ఉమాకాంతం గారికి తల కొట్టేసినట్లయింది. ఇన్నేళ్లలో మొదటిసారి, "నాకు తెలియదని లోపలికెళ్లి చెప్పేస్తానండీ" అన్నారు.

దత్తాత్రేయ ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఎందుకండీ? ఫొటోలు పేపరోళ్లకి పంపేశాం. మా సభ్యులు కూడా అలాంటి ప్లగ్గులే పెట్టించుకుంటామంటున్నారు. మీరు నోరు మెదపొద్దు."

తెల్లబట్టల సభ్యులంతా కలిసి కారు తోశారు. అది దగ్గి, వాళ్ల మీద నల్లటి పొగ కక్కి స్టార్టయింది. "ఎంత స్వచ్ఛమైన బండో!" అన్నాడు వెనకనుంచి ఒకాయన, మొహం తుడుచుకుంటూ.

ఇంటికొచ్చేసరికి వెంకాయమ్మ వంటింట్లో నల్లగా కరిగిన ప్లగ్గు బోర్డు చూపించింది. ఉమాకాంతం గారు వైరు చుట్టేశారు.

"ఇవాళ చార్జింగు పెట్టట్లేదా మాస్టారూ?" గోడవతల నుంచి ఎదురింటాయన అడిగాడు.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. భుజం మీద శాలువా సర్దుకున్నారు.

"అక్కర్లేదండీ, జీవితానికి సరిపడా ఎక్కింది."