అక్క చేతి గ్లూకోజు

దర్జీకి మెదడులో నరం చిట్లింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఇక మిగిలింది ఎడమచెయ్యే. అవునంటే నొక్కుతాడు, కాదంటే ఊరుకుంటాడు.

"షుగర్ పెరిగితే మెదడులో గడ్డకట్టిన రక్తం చుట్టూ వాపు పెరుగుతుంది. అప్పుడిక మా చేతుల్లో ఏమీ ఉండదు," అన్నాడు డాక్టరు.

ఆ సంగతి భార్యకు ఒకరు చెప్పాలా! ఇన్నేళ్ళూ షుగర్ జబ్బున్న మొగుడి జేబులు తడిమి మిఠాయి పొట్లాలు బయటికి లాగిన మనిషి. "మా ఇంట్లో చీమలక్కూడా పస్తే," అని అతను అక్క దగ్గర మొత్తుకునేవాడు. అక్క చాటుగా తినిపించేది. ఇద్దరూ కలిసి తనను పిచ్చిదాన్ని చేస్తున్నారని తెలిసి భార్యకు ఒళ్ళు మండేది.

భార్య మందులు తేవడానికి వెళ్ళి వచ్చేసరికి, ఆ వదినగారే కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిలా నిశ్చింతగా, తమ్ముడి ముక్కు గొట్టంలోకి గ్లూకోజు నీళ్ళు పోస్తోంది.

"వదినా! మనిషిని చంపేస్తారా?"

"కడుపు మాడ్చి చంపేది నువ్వు. వాడి మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో!"

కాసేపటికి నర్సు వేలు పొడిచి చూస్తే షుగర్ ఆకాశాన్నంటింది. స్కాన్ తీస్తే వాపు పెరిగింది. డాక్టరు మండిపడుతూ వచ్చాడు.

"గొట్టంలో ఎవరేం పోశారు?"

"మా వదినగారు గ్లూకోజు పోశారండీ, నా కళ్ళతో చూశాను."

"అమ్మో, నోరెలా వచ్చిందే నీకు! ఇదే పోసింది డాక్టరుగారూ."

డాక్టరు రోగి చెయ్యి పట్టుకున్నాడు. "మీ అక్కగారు పోశారా?"

చెయ్యి కదల్లేదు.

"మీ ఆవిడ పోసిందా?"

దర్జీ భార్యకేసి చూశాడు. గట్టిగా నొక్కాడు.

వాచిన మెదడు నొక్కించిందో, ఇన్నేళ్ళ కసి నొక్కించిందో ఆ దేవుడికే తెలియాలి. భార్యకు మాత్రం అనుమానం లేదు. కసేనని గుండె కోసుకుపోయింది.

"ఈవిణ్ణి బయటికి పంపండి. అక్కగారు ఒక్కరే ఉంటారు. ఇంకెవరూ ఏమీ పొయ్యకూడదు," అన్నాడు డాక్టరు, పెద్ద న్యాయం చేసినవాడిలా. అక్కగారు బుద్ధిగా తల ఊపింది. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే.

"ఆవిడే పోసిందండీ! నా మాట వినండి, ఆయన చచ్చిపోతాడు!"

"అరవకమ్మా, లోపల పేషంట్లున్నారు," అంటూ గార్డు రెక్క పట్టుకుని లాగాడు. తలుపు మూసుకుంటుండగా లోపలినుంచి వదిన గొంతు ముద్దుగా వినిపించింది.

"తాగు నాన్నా. ఇప్పుడిక మనకి అడ్డెవరూ లేరు."